ఒకసారి తొక్కితే శుభ్రం

గంటలాయన షాపులో గోడల నిండా అలారాలే. పొగకి కూసేవి, నీళ్ళకి కూసేవి, దొంగకి కూసేవి. ఆ పొద్దున వాటిల్లో ఒక్కటి కూడా నోరు విప్పలేదు. అయినా షాపు దద్దరిల్లిపోయింది. ఎందుకంటే తోడికోడళ్ళిద్దరూ కలిసి వచ్చారు.

"ఒక్క డబ్బా చాలు. గోడకి కొట్టుకుంటే సరిపోతుంది," అంది పెద్దకోడలు.

"డబ్బా పైన గోడకి, పెట్రోలు కింద పడవ పొట్టలో. మరి అది దేని వాసన చూస్తుందక్కా, నీ తలనూనెదా?" అంది చిన్నకోడలు.

"నా తలనూనె సంగతి నీకెందుకే? నీ తలలో ఏముందో చూసుకో ముందు."

గంటలాయన పెళ్ళయిన మనిషి. ఇలాంటప్పుడు మధ్యలో మాట్లాడితే ఏమవుతుందో తెలిసినవాడు. అందుకని స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ నిలబడ్డాడు. అది అప్పటికే అద్దంలా మెరుస్తోంది.

వాళ్ళకి ఒక పడవ ఉంది. చిన్న గది, గదిలో ఒక పొయ్యి, కూర్చోడానికి చెక్కబల్లలు, గది బయట నాలుగు మెట్లు పైన స్టీరింగు. ఇంజను కింద, పడవ అట్టడుగున, ఒక మనిషి తల మాత్రం పట్టే ఇరుకు చోటు ఉంటుంది. దాన్ని అందరూ 'పొట్ట' అంటారు. ట్యాంకులో నుంచి కారినా, గొట్టంలో నుంచి కారినా, పెట్రోలు చేరేది ఆ పొట్టలోకే. దాని మీద, గది నేలలోనే, ఒక చెక్క మూత. పడవ అత్తగారిది. ఈ ఒడ్డు జనాన్ని ఆ ఒడ్డుకి చేర్చి ఆవిడ ఇద్దరు కొడుకుల్ని పెంచింది, ఇద్దరు కోడళ్ళని ఏడిపించింది. పోవడానికి కొన్నాళ్ళ ముందే, తన తర్వాత పడవ ఎవరిదో చెప్పేసింది. కొడుకులకి ఇవ్వలేదు. కోడళ్ళకి ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ నలుగురిలో ఒక మెలిక పెట్టింది: "ఇద్దరూ కలిసి ఎక్కితేనే పడవ మీది. ఒక్కతి దిగిపోయినా సరే, అమ్మేసి ఆ డబ్బు నా తమ్ముడికి ఇచ్చెయ్యండి."

దీన్ని దీవెన అనుకునేవాళ్ళు ఆవిడని ఎరగనివాళ్ళు. ఒకే ఒరలో రెండు కత్తులు పెట్టి, పైన కూర్చుని చప్పుడు విందామనుకుంది ముసలమ్మ.

పెద్దకోడలికి పోతే పోనీ అనిపించేదేమో. చిన్నకోడలికి మాత్రం అలా కాదు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ఆమెకి 'ఇది నాది' అని చెప్పుకోడానికి ఒక గరిటె కూడా దొరకలేదు. ఇప్పుడు సగం పడవ దొరికింది. ఈ సాయంత్రంలోగా అవతలి రేవులో ఇన్‌స్పెక్టరుకి పడవ చూపించి, "ఇదిగోనండీ, పెట్రోలు ఆవిరి పసిగట్టే అలారం" అని చెప్తే, రేపటి నుంచి జనాన్ని ఎక్కించుకోవచ్చు. చూపించలేకపోతే ఈ ఏడాదికి రేవు హక్కు వేరేవాళ్ళకి పోతుంది.

గంటలాయన చివరికి ధైర్యం చేసి మూడు రకాలు బల్ల మీద పెట్టాడు.

"ఇది ఒంటి డబ్బా. ఎక్కడ కొడితే అక్కడి గాలే చూస్తుంది. ఇల్లయితే సరే, పడవకి దండగ. ఇది జంట కళ్ళది. డబ్బా స్టీరింగు దగ్గర ఉంటుంది, తీగల చివర రెండు కళ్ళు. కళ్ళంటాం గానీ నిజానికి ముక్కులే. ఒకటి పొట్టలో, తడి తగలని ఎత్తులో. రెండోది పొయ్యి పక్కన, నేలకి దగ్గరగా."

"నేలకెందుకు? ముక్కు మొహం మీద కదా ఉండేది," అంది పెద్దకోడలు.

గంటలాయన అట్టపెట్టెలు మెట్లలా పేర్చి, పైమెట్టు మీద గ్లాసులో నీళ్ళు పోశాడు. నీళ్ళు మెట్టుమెట్టూ దిగి బల్ల మీద మడుగు కట్టాయి.

"పెట్రోలు ఆవిరైనా, వంట గ్యాసైనా ఇదే తీరు. గాలి కంటే బరువు. కనబడని నీళ్ళనుకోండి. మెట్లు దిగుతుంది గానీ తనంతట తాను ఎక్కదు. మెట్లెక్కి మీ మొహం దాకా వచ్చిందంటే అది ఆవిరి కాదమ్మా."

"మరేంటి?"

"మీ అత్తగారయ్యుంటారు!" అని పకపకా నవ్వాడు గంటలాయన. నవ్వేశాక నాలిక్కరుచుకున్నాడు. ఆవిడ ఎలా పోయిందో రేవంతటికీ తెలుసు.

అత్తగారికి తన ముక్కు ముందు ముల్లోకాలూ లెక్కలేదు. పొద్దున్నే ఇంజను తిప్పే ముందు పొట్ట మూత తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి దించేది. చిన్నగా మూడు పీల్పులు, పొడుగ్గా ఒకటి. 'శుభ్రం' అనేది. అప్పుడే తాళం తిప్పేది. అలారం పెట్టుకోమన్న ప్రతివాడికీ ఒకటే జవాబు: "నా ముక్కుండగా మిషనెందుకురా?" చిన్నకోడలిని మాత్రం దగ్గరికి రానిచ్చేది కాదు. "నీ ముక్కు మొహానికి అందమే గానీ పనికి రాదే," అని పదిమందిలో అనేది. ఒక పొద్దున అలాగే తల దించింది. మళ్ళీ ఎత్తలేదు. మధ్యాహ్నం చూసినవాళ్ళు ఇంకా వాసన చూస్తోందేమో అనుకున్నారట. పొట్ట నిండా పెట్రోలు ఆవిరి.

"జంట కళ్ళదే ఇవ్వండి," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు కిటికీ వైపు తిరిగి ముక్కు ఎగబీల్చింది. చిన్నగా మూడు, పొడుగ్గా ఒకటి. బతికున్నన్నాళ్ళూ అత్తతో కయ్యమాడింది ఈవిడే. ఆవిడ పోయాక ఆవిడ పీల్పు తెచ్చుకుంది. అత్త పోయిన ఆర్నెల్లకి కోడలి కంట నీళ్ళొచ్చాయన్న సామెత ఉంది గానీ, ముక్కొచ్చినట్టు ఎక్కడా వినలేదు.

గంటలాయన మూడోది కూడా చేతిలో పెట్టాడు. జేబులో పట్టేంతది, చిలకలా ముందుకి ఒక ముక్కు. "బిగించాక దీంతో ఒకసారి సరిచూసుకోండి. రేపిచ్చెయ్యండి. ఇంకో మాట, తెల్ల జిగురు ఉంటుంది చూడండి, సందులు పూడ్చేది. అది ఈ కళ్ళ దరిదాపుల్లోకి రానివ్వకండి. చచ్చిపోతాయి. చచ్చినా పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. అదీ దీంతో చిక్కు."

"చచ్చినా పోనివాళ్ళని చాలామందిని చూశాంలే," అంది పెద్దకోడలు.

*

మధ్యాహ్నానికి పొగమంచు దిగింది. నీళ్ళ మీద పరుచుకుని, పడవ అంచులు పట్టుకుని లోపలికి చూసింది. చిన్నకోడలు స్టీరింగు దగ్గర డబ్బా బిగించింది. పెద్దకోడలు కింద కళ్ళు బిగించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పని చెయ్యడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

"అయిందా అక్కా?"

"అయింది."

"పొట్టలోదాన్ని లైటర్ గ్యాసుతో పరీక్ష చేద్దాం. వెలిగించకుండా, ఊరికే గ్యాసు వదిలి."

"పెట్రోలు పడవలో లైటరా? నన్ను చంపి పడవంతా మింగుదామనా? మూతేసేశాను. పైదాన్ని చూసుకో."

పొయ్యి పక్క కన్ను దగ్గర జేబులైటర్‌తో గ్యాసు వదిలారు. డబ్బా చెవులు చిల్లులు పడేలా కూసింది. పొట్టలో మొదటి కన్నుకీ, పొయ్యి పక్క రెండో కన్నుకీ చెరో పచ్చదీపం. చిన్నకోడలు మెత్తబడింది. వెలుగుతోంది కదా, చాల్లే అనుకుంది. బయల్దేరారు.

ఒడ్డు కొంచెంసేపు వెనకాలే వచ్చింది. తర్వాత మంచులో ఆగిపోయింది. ఇంజను చప్పుడు కూడా ఎవరో గుడ్డలో చుట్టి పట్టుకున్నట్టు వినిపిస్తోంది. తడి చెక్క వాసన, పాత తాడు వాసన, నీటి నాచు వాసన. చెప్పులు వేసుకుని పడవెక్కకూడదన్నది అత్త పెట్టిన రూలు. ఇద్దరూ ఇంకా దాన్ని పాటిస్తూనే ఉన్నారు. కాళ్ళ కింద పలకలు చల్లగా జిగటగా ఉన్నాయి.

సగం దారిలో ఇంజను దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం ఉంటుందని ఇంజను తిరిగినంతసేపూ తెలియదు.

"తాళం తిప్పు," అంది పెద్దకోడలు.

చిన్నకోడలి చెయ్యి తాళం మీదకి వెళ్ళి ఆగింది. తాళం తిప్పితే లోపలెక్కడో ఒక నిప్పురవ్వ పుడుతుంది. గొట్టం చిట్లి ఇంజను ఆగిపోయి ఉంటే... పెట్రోలు ఇప్పుడు పొట్టలో ఉంటుంది. డబ్బా చూసింది. మొదటి కన్ను పచ్చగా ఉంది. అంకె సున్నా.

"పొట్టలో ఏం లేదంటోంది," అంది.

అప్పుడు రెండో దీపం పసుపు రంగుకి మారింది.

పొయ్యి పక్కన కన్ను. అంకె రెండు. మూడు. ఐదు.

"పొయ్యి తిప్పావా అక్కా?"

"సిలిండర్ ఒడ్డునే దింపేశాం కదే. తూకం తగ్గుతుందని నువ్వే కదా గోల చేశావు."

ఏడు. తొమ్మిది. తర్వాత మెల్లగా... ఐదు... రెండు... సున్నా. ఎవరో ఆ కన్ను ముందు నుంచి నడిచి వెళ్ళిపోయినట్టు.

చిన్నకోడలు జేబులోని చిలకముక్కు మిషను తీసి మెట్ల మీద పెట్టింది. అడుగుమెట్టు మీద. టిక్... టిక్... నెమ్మదిగా కొట్టుకుంది. పైమెట్టు మీద పెట్టింది. ఊరుకుంది. హమ్మయ్య, కిందే ఉంది, ఆవిరే, అనుకుంది.

పైమెట్టు మీద అది టిక్కుమంది.

టిక్. టిక్. టిక్టిక్టిక్.

ఆవిరి మెట్లెక్కదు. గంటలాయన అట్టపెట్టెల మీద నీళ్ళు పోసి మరీ చూపించాడు.

దాన్ని చేతిలోకి తీసుకుంది. పడవ అంచు దాకా వెనక్కి జరిగింది. రొమ్ము ఎత్తులో పట్టుకుంది. టిక్కుమంటూనే ఉంది. మొహం ఎత్తులోకి లేపింది. అక్కడైతే ఆగకుండా కొట్టుకుంది. ఆమె మొహం ముందు, సరిగ్గా ఆమె ఊపిరి పీల్చేచోట.

గాలిలో చప్పుడు.

చిన్నగా మూడు పీల్పులు.

పొడుగ్గా... ఒకటి.

"అక్కా..." మిషను దించకుండానే అంది. "వేళాకోళం చాలు."

పెద్దకోడలు కింద గది గుమ్మంలో నిలబడి ఉంది. రెండు చేతులతో తన ముక్కు, నోరు మూసుకుని ఉంది.

"నేను కాదే," అంది వేళ్ళ సందుల్లోంచి.

జేబులోది హఠాత్తుగా ఆగిపోయింది. కొంచెంసేపటికి పొయ్యి పక్క దీపం పసుపయింది. మళ్ళీ పచ్చబడింది. కిందికి వెళ్ళింది. వెతుకుతోంది. ఏం వెతుకుతోందో?

పెద్దకోడలు గోడకి ఆనుకుని కూలబడింది. గుసగుసలాడింది.

"ఆవిడకి వాసన తెలిసేది కాదే."

"ఏంటీ?"

"పోయే ముందు ఏడాది. జ్వరమొచ్చి తగ్గింది చూడు, అప్పుడు పోయింది ముక్కు. పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతున్నా తెలియలేదు. నాకు దొరికిపోయింది. ఎవరికైనా చెప్తే చంపేస్తానంది. రేవులో అంత పేరు కదా మరి. అప్పటి నుంచి ఆవిడ తల దించేది, నేను వెనక నిలబడి వాసన చూసేదాన్ని. ఎవరికీ తెలియకుండా ఆవిడ పాదం మీద తొక్కేదాన్ని. ఒకసారి తొక్కితే శుభ్రం. రెండుసార్లు తొక్కితే వాసన."

"మరి ఆ రోజు..."

"ముందురోజు రాత్రి నా పుట్టింటిని అనరాని మాటలంది. నేను పోలేదు." పెద్దకోడలు కళ్ళు తుడుచుకోలేదు, కళ్ళల్లో తడి లేదు. "నీ ముక్కుందిగా, పో అన్నాను. పోయింది. తల దించి... కాలు కొంచెం వెనక్కి చాపి పెట్టి ఉంది. నా కోసం. అలాగే ఉంది మేం వెళ్ళేసరికి."

మంచు గదిలోకి కూడా వచ్చేసింది. దీపాలు రెండూ పచ్చగా ఉన్నాయి. చిన్నకోడలికి అత్త మీద జాలి వేయలేదు, అక్క మీదా వేయలేదు. ఇద్దరూ కలిసి ఆడిన నాటకంలో, ముక్కు లేదని పదిమందిలో మాటపడింది తను. ఆ మంట ఒకటి ఆ భయంలో కూడా రగులుతూనే ఉంది.

"ఇక్కడ ఉండలేం. మంచులో పెద్ద లాంచీలు తిరుగుతాయి, చూసుకోకుండా గుద్దేస్తే అంతే. ఇంజను తిప్పాలి. పొట్టలో శుభ్రమో కాదో తేలాలి," అంది.

"సున్నా అందిగా నీ మిషను."

చిన్నకోడలు టార్చి పట్టుకుని కిందికి దిగి మూత కొంచెం ఎత్తి, సందులోంచి వెలుతురు వేసింది. కన్ను కనిపించింది. చిల్లుల జాలీ కనిపించలేదు. దాని మీద తెల్లగా, మందంగా, వేలితో మెత్తినట్టు... జిగురు. చచ్చిన చేప కన్నులా ఉంది.

"అక్కా! దీని కన్ను మూసేశావా?"

"తడి తగలకూడదన్నాడని..." పెద్దకోడలు తడబడింది. "అత్తయ్య తడి తగిలేచోటల్లా జిగురేగా పూసేది... ఆయన వద్దన్న మాటే మర్చిపోయాను."

"చంపేశావు దీన్ని. ఇందాకటి నుంచి చచ్చినదాని మాట వింటున్నాం మనం."

ఆ మాట అన్నాక ఇద్దరూ గబుక్కున చుట్టూ చూశారు.

జేబులోది ఇప్పుడు ఎక్కడ పెట్టినా ఆగకుండా కొట్టుకుంటోంది. పైన, కింద, గోడ దగ్గర, ఒళ్ళో. ఆవిరికి కొట్టుకుంటోందో, ఆవిడకి కొట్టుకుంటోందో చెప్పే దారి లేదు. ఇక పడవలో నమ్మదగ్గ ముక్కు ఒక్కటే మిగిలింది.

"నేను చూస్తా. నువ్వు పైకి పో, తాళం దగ్గర నిలబడు. చెప్పేదాకా ముట్టుకోకు," అంది పెద్దకోడలు.

మెడకి మఫ్లరు బిగించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, మూత తీసింది. అచ్చం ఆవిడలాగే. తల దించింది.

చిన్నకోడలు నాలుగు మెట్లూ ఎక్కి తాళం పట్టుకుంది. అక్కడి నుంచి గదిలోకి చూస్తే మంచులో పెద్దకోడలి వీపు కనిపిస్తోంది. మోకాళ్ళు. వెనక్కి తిరిగిన రెండు అరికాళ్ళు, తెల్లగా, పక్కపక్కన.

చిన్నగా మూడు పీల్పులు వినిపించాయి.

పొడుగుదాని కోసం ఎదురుచూసింది.

రాలేదు.

"అక్కా?"

అప్పుడు ఎవరో ఆమె పాదం తొక్కారు.

మెత్తగా. తడిగా. ఒక మడమ, పాత మడమ, పగుళ్ళు తెలుస్తున్నాయి. ఒక్కసారి ఆని, వెళ్ళిపోయింది.

ఒకసారి తొక్కితే శుభ్రం.

ఎవరైనా అంతే చేస్తారు, మీరు నవ్వకండి. ఎదురుచూస్తున్న కబురు అందింది. చెయ్యి దానంతట అదే తాళం తిప్పబోయింది. తాళం సగం కదిలింది కూడా. అప్పుడు కళ్ళు గదిలోకి వెళ్ళాయి. అరికాళ్ళు రెండూ అక్కడే ఉన్నాయి. పక్కపక్కన. నాలుగు మెట్ల కింద.

మరి నా పాదం తొక్కిందెవరు...

చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కుంది. దిగలేదు, అరవలేదు, కిందికి చూసుకోనూ లేదు. నిలబడిపోయింది. ఎంతసేపో తెలియదు.

గదిలో నుంచి గుడగుడమని చప్పుడొచ్చింది. పెద్దకోడలు తల బయటికి లాక్కుని వెనక్కి పడింది. మఫ్లరు చివర్ల నుంచి పెట్రోలు కారుతోంది. కక్కుకుంది. నేల మీద పాకుతూ అరిచింది.

"తిప్పకు! నిండా ఉంది! తిప్పకే, బుగ్గయిపోతాం!"

బ్యాటరీ మీట తీసేశారు. ఉన్న మూతలన్నీ, కిటికీలన్నీ తెరిచారు. పడవ ముందు చివర ముడుచుక్కూర్చుని చెక్క గరిటెతో పలకల మీద బాదారు, ఎవరికైనా వినిపిస్తుందని. చాలాసేపటికి మంచులోంచి ఒక సరుకు లాంచీ ముక్కు బయటపడింది. దూరం నుంచే పొడుగాటి తాడు విసిరి, రేవు దాకా లాక్కెళ్ళింది.

*

రేవు గదిలో ఇన్‌స్పెక్టరు ఇద్దరికీ టీ ఇప్పించాడు. మంచి మనిషి. పడవ గురించి అడగడానికి మొహమాటపడుతున్నాడు. పెద్దకోడలు కుర్చీ మీదకి రెండు కాళ్ళూ లాక్కుని, మోకాళ్ళు కౌగిలించుకుంది. చిన్నకోడలు బల్లకి ఇవతల కూర్చుంది. ఒళ్ళంతా చల్లబడినా లోపల ఒక మూల సంతోషంగానే ఉంది. బతికారు. గొట్టం మార్చుకోవచ్చు, చచ్చిన కన్ను మార్చుకోవచ్చు. పడవ ఇంకా ఉంది. సగం తనది ఇంకా ఉంది.

"అక్కా, రేపు గంటలాయన దగ్గరికి..."

"ఎందుకే అలా చేశావు?"

"ఏం చేశాను?"

పెద్దకోడలు ఇప్పటిదాకా ఆమె మొహం చూడలేదు. ఇప్పుడు చూసింది.

"తల దించాక నా మెడ మీద చెయ్యేశావు. నొక్కావు. పెట్రోల్లో మూతి మునిగేదాకా నొక్కావు. అరవడానికి నోరు తెరిస్తే పెట్రోలే. అంత కక్షా నా మీద? సగం చాలలేదా నీకు?"

"నేను తాళం దగ్గరున్నాను అక్కా! నువ్వే కదా పైకి పొమ్మన్నావు! నేను నీ దగ్గరికి కూడా..."

"వేళ్ళు తెలియవా నాకు? ఐదు వేళ్ళు." మెడ మీది మఫ్లరు లాగి బల్ల మీద విసిరికొట్టింది. తడిగుడ్డ చప్పుమంది. "ఇంక నీతో పడవెక్కను. ఈ జన్మలో ఎక్కను. పోనీ, ఆవిడ తమ్ముడికే పోనీ."

బల్ల మీదున్న జేబుది ఒక్కసారి గింగిర్లెత్తేలా కూసింది. ఇన్‌స్పెక్టరు ముక్కు మూసుకుని లేచి కిటికీ తలుపులు బార్లా తెరిచాడు. "అమ్మో, ఏం కంపమ్మా ఇది! ముందా గుడ్డ బయట పారెయ్యండి. కళ్ళు మండిపోతున్నాయి," అన్నాడు. పెద్దకోడలు కూడా మోచేత్తో మొహం కప్పుకుంది.

చిన్నకోడలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఏ కంపు?

మఫ్లరు చేతిలోకి తీసుకుంది. తడి తెలిసింది. చల్లదనం తెలిసింది. చర్మం చురుక్కుమంది. మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చింది. చిన్నగా మూడు. పొడుగ్గా ఒకటి.

ఏమీ లేదు. ఉత్త గాలి.

టీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు.

జేబుది కూస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి తల బయటికి పెట్టి దగ్గుతున్నాడు. బల్ల కింద ఆమె పాదం మీద మెత్తగా, తడిగా, పగుళ్ళ మడమ ఒకటి వచ్చి ఆనింది. ఎదురుగా కుర్చీ మీద పెద్దకోడలి పాదాలు రెండూ కనిపిస్తూనే ఉన్నాయి.

మడమ ఒక్కసారి తొక్కింది.

రెండోది పడుతుందేమోనని చిన్నకోడలు ఊపిరి బిగబట్టి చూసింది.

పడలేదు.